కూజా, కిండర్‌గార్టెన్

మా ఇంట్లో ఎండాకాలం మొదలైందనడానికి గుర్తు కూజా. నాయనమ్మ దాన్ని అటక మీద నుంచి దింపించి, ఒక పగలూ రాత్రీ నీళ్ళలో నానబెట్టి, మెడకి తడిగుడ్డ చుట్టి, వంటింటి మూల ఇసుక మీద కూచోబెట్టేది. దాని మెడ పట్టుకుని వంచే హక్కు ఆమెకొక్కదానికే. మేం ముట్టుకుంటే పగులుతుందని భయం. కూజా అన్నది పారశీకం నుంచి వచ్చిన మాట అని నాకు ముప్పై దాటేదాకా తెలీదు. తెలిసింది కూడా జర్మనీలో.

ఆఫీసు పని మీద రెండేళ్ళు యేనాలో ఉన్నాను (జెనా అని చదివి మొదటి రోజే నవ్వులపాలయ్యాను). అక్కడ డిసెంబరంటే సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. మాతో పనిచేసే ఇరానీ అమ్మాయి ఒక రాత్రి మమ్మల్ని ఇంటికి పిలిచింది. ఏడాదిలో అన్నిటికన్నా పొడవైన రాత్రి అది, వాళ్ళకి యల్దా పండగ. బల్ల మీద దానిమ్మకాయలు, చలికాలంలో ఎక్కడ సంపాదించిందో గానీ పుచ్చకాయ, మధ్యలో పారశీక కవి హాఫిజ్ కవితల పుస్తకం. మనసులో ఒకటి అనుకుని పుస్తకం తెరిస్తే, వచ్చిన గజలే దానికి జవాబు. మన పెద్దవాళ్ళు రామాయణం తెరిచి శకునం చూసుకున్నట్టే. నాకు వచ్చిన గజల్లో ప్రతి ద్విపదా ‘గమ్ మఖోర్’ అని ముగుస్తుంది. తప్పిపోయిన యూసఫ్ మళ్ళీ కనాను చేరతాడు, గమ్ మఖోర్. మాటకి మాట పెడితే, దిగులు తినకు. మనం దిగులు పడతాం, బెంగ పెట్టుకుంటాం. వాళ్ళు తింటారు.

నీళ్ళు పోస్తూ ఆమె మట్టిపాత్రని చూపించి ‘కూజె’ అంది. మేమూ అదే అంటామన్నాను. అంతే, ఖయ్యాం రుబాయీ, అంటే నాలుగు పాదాల పద్యం, ఒకటి అందుకుంది. ఈ కూజా కూడా ఒకప్పుడు నాలాగే ఎవరి జుట్టులోనో చిక్కుకున్న ప్రేమికుడు. దీని మెడ మీద కనిపిస్తున్న ఈ పిడి, ఒకప్పుడు ప్రియురాలి మెడ చుట్టూ వేసిన చెయ్యి. మా కూజాకి పిడి లేదు, ఉన్నది మెడ ఒక్కటే. అయినా ఒళ్ళు జలదరించింది.

అప్పుడే మా జర్మన్ సహోద్యోగి ఒకాయన నవ్వుతూ అన్నాడు: “మీ కవులు అదృష్టవంతులు, తాగి పడుకుంటారు. మా కవులు పొద్దున్నే లేచి పనికి పోతారు.” అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా. ఆ జోకు నన్ను రెండేళ్ళు వదల్లేదు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం అన్యాయం.

నిజమున్న సగం ముందు చెప్తాను. జర్మన్ సాహిత్యంలో అందరూ తలెత్తి చూసే కావ్యం గోథే రాసిన ఫౌస్ట్. దాని మొదటి భాగం 1808లో వచ్చింది. ఫౌస్ట్ సైతానుతో కాసే పందెం ఏమిటి? డబ్బూ పడుచుదనమూ పందెంలో అసలు సంగతులు కావు. “ఏదో ఒక క్షణాన్ని చూసి, ‘ఆగు, నువ్వెంత బాగున్నావు’ అని నేను అన్నానా, అప్పుడు నాకు సంకెళ్ళు వెయ్యి, నేను సంతోషంగా నాశనమైపోతాను” అంటాడు. క్షణాన్ని ఆగమనడమే ఓటమి! చివర్లో దేవదూతలు ఆయన్ని పైకి తీసుకుపోతూ చెప్పే కారణం కూడా ఇదే: ఆగకుండా పాటుపడేవాణ్ణి మేం కాపాడగలం.

ఇదే మాట హాఫిజ్‌తో చెప్పి చూడండి. ఇరాన్‌లోని షిరాజ్‌లో ఆయన రాసిన వందల గజళ్ళలో సగానికి సగం ‘ఆగు, నువ్వెంత బాగున్నావు’ అన్న మాటకే రకరకాల వేషాలు. పారశీకంలో దమ్ అంటే ఊపిరి. దమ్ అంటే క్షణం కూడా. మన బిర్యానీ దమ్, మనవాళ్ళ దమ్ము, రెండూ అదే మాట. ఊపిరినీ క్షణాన్నీ ఒకే మాటతో పిలిచే భాషలో క్షణం మీద పందెం కాయడం కుదరని పని. ఒక ఊపిరి వదిలితేనే గదా ఇంకోటి.

ఇంకో జర్మన్ కవి రిల్కే దగ్గరికొస్తే ఇంకా ఘాటు. తల లేని పాత అపోలో విగ్రహం మొండెం ముందు నిలబడి కవి దాన్ని వర్ణిస్తాడు, వర్ణిస్తాడు, ఉన్నట్టుండి చివరి పంక్తిలో ఆ రాయి మనవైపు తిరుగుతుంది: నువ్వు నీ జీవితాన్ని మార్చుకోవాలి. 1908 నాటి కవిత ఇది. ఏడాది చివర ఆఫీసులో కూచోబెట్టి “వచ్చే ఏడాదికి మీరు ఎక్కడుండాలనుకుంటున్నారు?” అని అడిగినప్పుడల్లా నాకు ఆ రాతి మొండెమే గుర్తొచ్చి టెన్షన్ మొదలయ్యేది. శరత్కాలం మీద ఆయనదే ఇంకో కవితలో, ఇప్పటికి ఇల్లు లేనివాడు ఇక కట్టుకోడు అంటాడు. కూజా నిండా నీళ్ళున్నాయా అని అడగరు వీళ్ళు, ఇల్లు కట్టావా అని అడుగుతారు.

మన ఇళ్ళల్లో తిరిగే జర్మన్ మాట ఏదని వెతికితే నాకు దొరికింది కిండర్‌గార్టెన్. పిల్లల తోట. ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1840లో పెట్టిన పేరు అది, యేనాకి పెద్ద దూరం కాని బాద్ బ్లాంకెన్‌బుర్గ్‌లో. ఇప్పుడు మండల కేంద్రాల్లో కూడా ఆ బోర్డులే. రెండు భాషలు మనకి పంపిన రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు భలే అనిపిస్తుంది. తోటలో మొక్క ఇంకా ఎదగాలి, దానికి నీళ్ళు పోయాలి, కొమ్మలు కత్తిరించాలి, పూత కోసం కాచుకోవాలి. కూజాకి అవేవీ అక్కర్లేదు. అది ఇదివరకే ఒకసారి బతికి, ప్రేమించి, చచ్చి, మట్టయి, కుమ్మరి సారె మీద తిరిగి వచ్చింది. నాకు కనిపించిన తేడా ఇది. జర్మన్ కవితలో జీవితం నీ చేతికిచ్చిన పని, ఇంకా పూర్తికాలేదు. పారశీక కవితలో అది నీకు ముందే వేలసార్లు పూర్తయింది. నువ్వు నీళ్ళు తాగుతున్నది ఆ పూర్తయిన దానిలోంచే.

ఇక అన్యాయమైన సగం. ‘తాగి పడుకుంటారు’ అన్నది.

ఖయ్యాం మనకి తెలుగులో బాగా పరిచయమైన మనిషి. దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చుకుని మరీ ‘పానశాల’ రాశారు. అక్కడి నుంచో, 1859 నాటి ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు నుంచో, మన బుర్రల్లో ఒక బొమ్మ స్థిరపడిపోయింది: చెట్టు నీడ, మధుపాత్ర, పక్కన మధువు పోసే సాకీ. ఆ చెట్టు కింద పడుకున్నాయన మూడో ఘాతం సమీకరణాల్ని వక్రరేఖలు గీసి సాధించినవాడు. 1079లో అమల్లోకొచ్చిన జలాలీ పంచాంగం లెక్కగట్టిన పండితుల్లో ఒకడు. ఏడాదికి ఎన్ని రోజులో, ఆ పైన మిగిలే ముక్క ఎంతో, తరతరాలకి సరిపోయేలా కొలిచినవాడు ‘చేతిలో ఉన్నది ఈ ఒక్క ఊపిరే’ అంటే దాన్ని సోమరిమాట అని తీసెయ్యడానికి నాకు నోరు రాదు. (ఆయన పేరిట తిరిగే రుబాయీల్లో ఏవి ఆయనవో అన్న తగువు పండితుల మధ్య తెగలేదు. నాకు ఆ తగువు కూడా ఖయ్యాం వేసిన జోకులాగే ఉంటుంది: మట్టి ఎవరిదో తెలీని కూజాలు.)

హాఫిజ్ సంగతి ఇంకా వేరు. 1350ల్లో షిరాజ్‌ని పట్టుకున్న ముబారిజుద్దీన్ అనే పాలకుడు పానశాలలు మూయించాడు. కొన్నేళ్ళకి సొంత కొడుకే ఆయన్ని దించి కళ్ళు పొడిపించాడు. 1387లో తైమూరు ఇస్ఫహాన్‌లో ఊచకోత కోసినప్పుడు హాఫిజ్ బతికే ఉన్నాడు. అలాంటి ఊళ్ళో కూచుని, పానశాల తలుపు మూశారు, దేవుడా ఒప్పుకోకు, ఇక వీళ్ళు కపటం ఇంటి తలుపు తెరుస్తారు అని రాసినవాడికి మద్యం అంటే మద్యమేనా? కొంత మద్యమే. నేను సూఫీ వ్యాఖ్యాతలంత పెద్దమనిషిని కాను, ప్రతి గ్లాసునీ పరమాత్మ చెయ్యను. కానీ ఆ గ్లాసు ఎత్తడంలో ‘నీ హుకుం నా క్షణం మీద చెల్లదు’ అన్న పొగరు ఉంది. అది పొద్దున్నే లేచి పనికి పోవడంకన్నా తేలికేమీ కాదు.

ఆయన కథ ఒకటి మన దక్కనుది. గుల్బర్గా నుంచి బహమనీ సుల్తాను హాఫిజ్‌ని కబురంపి పిలిచాడని, దారిఖర్చులు కూడా పంపాడని చరిత్రకారుడు ఫరిష్తా రాశాడు. కవి హొర్ముజ్ దాకా వచ్చాడు, ఓడెక్కాడు. తుఫాను లేచింది. దిగిపోయాడు. సుల్తానుకి తన బదులు ఒక గజల్ పంపించాడు. అది ‘దమీ’ అనే మొదలవుతుంది: ఒక్క ఊపిరి దిగులుతో గడపడానికి ఈ లోకమంతా ఇచ్చినా సరిపోదు. లాభం వాసన తగిలి సముద్రం మొదట ఎంత సులువనిపించిందో, పొరబడ్డాను, నూరు ముత్యాలిచ్చినా ఈ తుఫాను గిట్టుబాటు కాదు. ఆయన వచ్చి ఉంటే మన పక్కనే ఒక షిరాజ్ ఉండేదని నాకు ఆశగా ఉంటుంది, అయినా దిగిపోయినందుకే ఆయనంటే గౌరవం. మధ్యలో ఓడ దిగిపోయే నాయకుడు నేను చదివిన జర్మన్ కావ్యాల్లో నాకు తగల్లేదు.

మా సహోద్యోగి చేసిన ఫిర్యాదునే మనవాడు ఒకాయన ఎప్పుడో చేశాడు, అదీ పారశీకంలో. ఇక్బాల్. జర్మనీలో చదివి, మ్యూనిక్‌లో డాక్టరేటు తీసుకుని వచ్చాక 1915లో తెచ్చిన కావ్యంలో, హాఫిజ్ జనాన్ని జోకొట్టి నిద్రపుచ్చుతున్నాడని విరుచుకుపడ్డాడు. గోల లేచింది. తర్వాతి ముద్రణలో ఆ పద్యాలు తీసేశాడు. 1923లో గోథేకి జవాబుగా ఇంకో పారశీక కావ్యం రాశాడు. జర్మన్ చదువు ఆయనకి ‘పని’ నేర్పితే, పాడుకోవడానికి మళ్ళీ ఆ పాత భాషే కావలసొచ్చింది.

జాతిగుణం అని తేల్చేసే మాటలంటే నాకు అనుమానం, అందుకు జర్మన్ కవి గ్రుఫియుస్ చాలు. ముప్పై ఏళ్ళ యుద్ధం జర్మనీని బూడిద చేస్తున్నప్పుడు ఆ కుర్రాడు రాసిన సానెట్ ఇది: ఇవాళ ఒకడు కట్టింది రేపు ఇంకొకడు కూలుస్తాడు, ఇప్పుడు ఊళ్ళున్నచోట రేపు పచ్చిక మొలుస్తుంది, గొల్లపిల్లవాడు మందతో ఆడుకుంటాడు. పేరు చెప్పకుండా చదివితే ఖయ్యాం అంటాం. ఊళ్ళు కూలితే ఎవరైనా అదే చూస్తారు. కానీ చివరి పంక్తి దగ్గర దారులు విడిపోతాయి. శాశ్వతమైనదాన్ని తలచుకునేవాడు ఇంకా ఒక్కడూ లేడే అని గ్రుఫియుస్ బాధపడతాడు. చూశారా, అక్కడ కూడా ఒక పని మిగిలిపోయింది, మనం చెయ్యలేదు! ఖయ్యాం అయితే కూజా అందుకునేవాడు. అటువైపు పారశీక కవి రూమీ ఉన్నాడు: రాయిగా చచ్చి మొక్కనయ్యాను, మొక్కగా చచ్చి జంతువునయ్యాను, చావడం వల్ల నేను ఎప్పుడు తగ్గాను అంటాడు. ఎదుగుదల మీద ఈయన మక్కువ ఏ జర్మన్ మక్కువకీ తక్కువ కాదు.

గోథేకి ఈ సంగతి మనందరికన్నా ముందే తెలుసు. హామర్ అనే వియన్నా పండితుడు చేసిన హాఫిజ్ అనువాదం 1814లో చేతికొచ్చేసరికి ఆయనకి అరవై అయిదు నడుస్తోంది. ఐరోపా అంతా నెపోలియన్ యుద్ధాలతో ముక్కలై ఉంది. ఆయన కుర్రాడిలా లేచి రాయడం మొదలుపెట్టాడు. 1819లో ‘పశ్చిమ ప్రాచ్య దివాన్’ అనే కవితల పుస్తకం వచ్చింది. అందులోని దీపప్పురుగు కవితలో పారశీకుల మంట ఉంది, పారశీకుల పురుగు ఉంది, చివర మాత్రం జర్మన్ ఆజ్ఞ: చచ్చిపో, మళ్ళీ పుట్టు. పురుక్కి కూడా హోమ్‌వర్క్! ఆ కవితంటే నాకు ప్రాణం, అయినా అక్కడికొచ్చేసరికి నవ్వొస్తుంది.

వైమార్ యేనా నుంచి రైల్లో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. అక్కడ బీతోవెన్ ప్లాట్స్‌లో ఒకే గ్రానైటు బండలోంచి తొలిచిన రెండు పెద్ద కుర్చీలు ఎదురెదురుగా ఉంటాయి, ఒకటి గోథేకి, ఒకటి హాఫిజ్‌కి. 2000లో ఇరాన్ అధ్యక్షుడు ఖాతమీ, జర్మనీ అధ్యక్షుడు రావ్ కలిసి ఆవిష్కరించారు. నేను వెళ్ళినప్పుడల్లా రెండూ ఖాళీయే. ఒకసారి ఒకదాంట్లో కూచున్నాను, ఎవరిదో చూసుకోలేదు. రాయి ఎంత చల్లగా ఉందంటే రెండు నిమిషాలకే లేచిపోయాను.

అదే గోథే ఫౌస్ట్ రెండో భాగంలో తన సిద్ధాంతం మీద తనే వేసిన దెబ్బ చూడండి. నూరేళ్ళ ముసలి ఫౌస్ట్ దగ్గరికి దిగులు ఒక ఆడమనిషి రూపంలో వచ్చి ముఖం మీద ఊదుతుంది. కళ్ళు పోతాయి. అయినా సముద్రాన్ని వెనక్కి నెట్టి కొత్త నేల తెచ్చే పని ఆపడు. బయట పారల చప్పుడు వినిపిస్తే, ఆహా, నా కాలువ తవ్వుతున్నారని మురిసిపోతాడు. వాళ్ళు తవ్వుతున్నది ఆయన గొయ్యి. ఆ చప్పుడు వింటూ, ఇలాంటి క్షణాన్ని చూసి ‘ఆగు’ అని అనొచ్చేమో అంటూ పడిపోతాడు. దిగులు తినకు అని హాఫిజ్ అన్నాడు. ఇక్కడ దిగులే మనిషిని తినేసింది. పొద్దున్నే లేచి పనికి పోయే కవుల గురించి ఆ రాత్రి నేను చెప్పాల్సిన జవాబు ఇది. అప్పటికి ఇంకా చదవలేదు.

ఇల్మెనావ్ దగ్గర కికెల్‌హాన్ అనే కొండ ఉంది, 861 మీటర్లు. 1780 సెప్టెంబరు 6న ముప్పై ఒక్క ఏళ్ళ గోథే దాని పైనున్న చెక్క గుడిసె గోడ మీద పెన్సిల్‌తో ఎనిమిది చిన్న పంక్తులు రాశాడు. కొండకొమ్ములన్నిటి మీదా నెమ్మది. చెట్ల తలల్లో ఊపిరి అలికిడి లేదు. అడవిలో పిట్టలు మాటాపలుకూ మానేశాయి. కాస్త ఆగు, త్వరలో నువ్వూ విశ్రమిస్తావు. అంతే కవిత. మార్చుకో లేదు, కట్టుకో లేదు. ఆగమనడమే ఓటమి అన్నవాడే ఆగు అంటున్నాడు, అదీ తనతో తనే. 1831 ఆగస్టులో, ఎనభై రెండో పుట్టినరోజుకి ముందు, మళ్ళీ ఆ కొండెక్కి ఆ గోడ చదువుకుని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాతి మార్చిలో పోయాడు. అసలు గుడిసె 1870లో కాలిపోయింది, ఇప్పుడున్నది మళ్ళీ కట్టింది. నేను ఎక్కిన రోజు వాన, చెట్లలో ఊపిరి కాదు, హోరు. కవిత అక్కడ పనిచెయ్యలేదు. కిందికి దిగుతూ, వాన తగ్గి బూట్ల చప్పుడొక్కటే మిగిలినప్పుడు పనిచేసింది.

ఇదంతా సుఖంగా ఉన్నవాళ్ళ తేడా ఏమో అన్న అనుమానం నాకు రూకర్ట్‌ని చదివాక వచ్చింది. ఫ్రీడ్రిష్ రూకర్ట్ 1818లో వియన్నాలో ఆ హామర్ దగ్గరే పారశీకం నేర్చుకున్నాడు, గజల్‌ని జర్మన్‌లోకి తెచ్చాడు. మన నల దమయంతుల కథ కూడా జర్మన్ చేశాడు. 1833 డిసెంబరు ఆఖరి రోజున ఆయన మూడేళ్ళ కూతురు స్కార్లెట్ ఫీవర్ అనే జ్వరంతో పోయింది. పదహారు రోజులకి అయిదేళ్ళ కొడుకు. ఆ తర్వాత రూకర్ట్ నాలుగొందలకి పైగా కవితలు రాశాడు, పిల్లల మీదే. బతికుండగా అచ్చుకివ్వలేదు. వాటిలో అయిదింటికి తర్వాత సంగీతకర్త మాలర్ సంగీతం కట్టాడు.

ఒకదానిలో అంటాడు: ఇలాంటి వానలో, ఇలాంటి గాలిలో, నేను పిల్లల్ని బయటికి పంపేవాణ్ణి కాదే. కాపలా కాయడం తండ్రి పని, పని తప్పింది. జర్మన్ గొంతే. ఇంకోదానిలో మాత్రం గొంతు మారుతుంది. ఊరికే బయటికెళ్ళారేమో అనిపిస్తూ ఉంటుంది, ఇప్పుడే ఇంటికొస్తారు. పగలు బాగుంది, కంగారుపడకు, కాస్త దూరం నడుస్తున్నారంతే. మనకన్నా ముందు వెళ్ళారు, ఆ ఎండ పడ్డ కొండల మీద అందుకుంటాం.

ఇప్పుడు ఎనిమిది వందల ఏళ్ళు వెనక్కి, ఇరాన్‌లోని తూసు ఊరికి. ఫిర్దౌసీ పారశీక రాజుల కథల కావ్యం షానామా రాస్తున్నాడు. ఖుస్రో పర్వేజ్ కథ నడుస్తుండగా, రాజుల్ని మధ్యలో వదిలేసి తన ఇంటి సంగతి చెప్తాడు. నాకు అరవై అయిదు దాటాయి, కొడుక్కి ముప్పై ఏడు. నా వంతు, కుర్రాడు వెళ్ళిపోయాడు. తొందరగా నడుస్తున్నాను, దారిలో అందితే నిలదీస్తాను: వంతు నాది, నన్ను అడక్కుండా నువ్వెందుకెళ్ళావు, నా నెమ్మది ఎందుకు పట్టుకుపోయావు? కొన్ని ద్విపదలు, అంతే. మళ్ళీ కళ్ళు తుడుచుకుని రాజుల కథలోకి వెళ్ళిపోతాడు, పొద్దున్నే లేచి పనికి పోయేవాడిలా.

ముందు వెళ్ళిన పిల్లలు, వెనక అందుకోవాలని నడిచే తండ్రి. బొమ్మ ఒక్కటే. ఇక్కడ కూజా లేదు, తోట లేదు. జర్మన్ తండ్రి కొండల మీద ఎండ చూపించి భార్యని ఊరడిస్తాడు, పారశీక తండ్రి కొడుకుతో తగువేసుకోవడానికి నడక పెంచుతాడు. అంత మాత్రమే తేడా. నన్ను అడిగితే తగువు వైపే నా ఓటు, కారణం సాహిత్యానికి సంబంధించింది కాదు.

మా చిన్నాన్న పోయినప్పుడు ఆయనకి నలభై లోపే. నాయనమ్మ శవం దగ్గర ఏడ్చిందో లేదో నాకు గుర్తులేదు, చిన్నవాణ్ణి. గుర్తున్నది ఆ తర్వాతి ఎండాకాలాలు. మధ్యాహ్నం కూజా మెడ పట్టుకుని వంచి, మొదటి గ్లాసు నింపి, చిన్నాన్న ఫొటో ముందు గూట్లో పెట్టేది. పెట్టి తిట్టేది.

“నా వంతుండంగ నువ్వెట్ల పోయినవ్ రా? ఎవల నడిగి పోయినవ్?”

సాయంత్రం ఆ నీళ్ళు తులసి మొదట్లో పోసి, గ్లాసు బోర్లించేది.